రేపల్లె తర్వాత ఎదురుగాలి

కబురొచ్చే వేళకి తేజస్వి రెండు చేతులకీ గోరింటాకు ఉంది. బాపట్లలో పుట్టింటి వసారాలో చాప మీద కూర్చుని, పది వేళ్ళూ విడదీసి, పోలీసులకి లొంగిపోయిన దొంగలా చేతులు పైకెత్తుకుని ఉంది. ఒళ్ళో ఫోను టింగుమంది. ముట్టుకుంటే అరచేతిలో చందమామ చెదిరిపోతుంది. ముట్టుకోకపోతే ప్రాణం ఆగేలా లేదు. వంగి ముక్కుతో తెరిచింది.

"అదేం పనే, ముక్కుతో ఫోను చూడ్డం," అంది నాయనమ్మ మాణిక్యాంబ, రోట్లో మిగిలిన గోరింటాకు ముద్ద తన వేళ్ళకి పెట్టుకుంటూ.

గుంటూరు సైకిలు క్లబ్బు వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. శ్రావణం మొదటి ఆదివారం జరిగే జంట రైడుకి గౌతమ్, తేజస్వి ఎంపికయ్యారట. తేజస్వి దాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత కళ్ళు మూసుకుని నాలుగోసారి చదువుకుంది.

అంతలోనే ఫోను మోగింది. మాణిక్యాంబ రెండు వేళ్ళతో, బల్లి తోక పట్టుకున్నట్టు, ఫోను ఎత్తి మనవరాలి చెవి దగ్గర పెట్టింది.

"తేజూ, చూశావా?" అన్నాడు తెనాలి నుంచి గౌతమ్.

"చూశాను. ముక్కుతో."

"ఏంటీ?"

"గోరింటాకు పెట్టుకున్నానులే. ఫోను నాయనమ్మ పట్టుకుంది. జాగ్రత్తగా మాట్లాడు... మాట్లాడండి."

అవతల గౌతమ్ గొంతు సవరించుకుని, "బాగున్నారా అమ్మమ్మగారూ," అన్నాడు. ఈసారి మాణిక్యాంబ ఫోనులోకి నోరు పెట్టి, "మాకేం బాబూ, బాగున్నాం. ఈ పిల్లే, ఇక్కడ చాప మీద ఎగురుతోంది," అంది.

ఎగరడమంటే నిజంగానే ఎగరడం. పెళ్ళయి రెండు నెలలు నిండలేదు. దాంట్లో కాపురం చేసిన రోజులు పోగేస్తే నెల కూడా రాదు, ఆషాఢం అడ్డొచ్చింది. కొత్త కోడలు, అత్తగారు ఒకే గడప దాటకూడదని పుట్టింటికి పంపేశారు. కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదని అతన్ని తెనాలిలో, వాళ్ళ నాన్న ఎరువుల కొట్లో ఉంచేశారు. ఇద్దరూ ఇంజినీరింగు చదివారు. ఇద్దరికీ ఈ కట్టుబాటు మీద నమ్మకం లేదు. అయినా ఇద్దరూ తలూపారు, ఎందుకంటే పెళ్ళయిన మొదటి నెలలో ఎవరూ ఎవరితోనూ దెబ్బలాడరు.

దారి చూపించింది మాణిక్యాంబే. "గడప తొక్కకూడదన్నారు గానీ మొహం చూడకూడదనలేదుగా. రేపల్లెలో మనకి గడపేముందీ?" అంది ఓ రోజు పప్పు ఏరుకుంటూ. ఆ మాట చాలు. ఆదివారం తెల్లవారగానే తేజస్వి బాపట్లలో సైకిలెక్కేది. గౌతమ్ తెనాలిలో ఎక్కేవాడు. ఇద్దరూ రేపల్లె స్టేషను ముందు కలుసుకునేవాళ్ళు. ఒక ప్లేటు పునుగులు, రెండు టీలు. పునుగుల్లో చివరిది ఎవరు తినాలని ఒక తగువు. తర్వాత సైకిళ్ళ ముందు చక్రాలు ఊడదీసి, పాత దుప్పట్లలో చుట్టి, తెనాలి పాసింజరు ఎక్కేవాళ్ళు. తిరిగి తొక్కుకుంటూ వెళ్తే ఎవరి దారి వాళ్ళదే. రైల్లో అయితే తెనాలి దాకా పక్కపక్కన కూర్చోవచ్చు. వేమూరు, జంపని అంటూ స్టేషన్లు ఒక్కోటీ వెనక్కి పోతుంటే, ఈ బండి ఇంకాస్త నెమ్మదిగా వెళ్తే బాగుండునని తేజస్వికి అనిపించేది. తెనాలిలో అతను దిగిపోయేవాడు, ఆమె బాపట్ల బండికి మారేది.

ఆ ఆదివారాల వేగాలే వాళ్ళు క్లబ్బుకి పంపించారు. ఆమెది గంటకి ముప్ఫై ఒక్క కిలోమీటర్లు. అతనిది ముప్ఫై మూడు. క్లబ్బు అడిగింది ఇరవై ఏడే, అదీ సగటున. జంట రైడులో ఒకే ఒక్క షరతు: లెక్క రెండో మనిషి చక్రానికి. ముందున్నవాడు ఎంత ముందుగా చేరినా ప్రయోజనం లేదు, వెనకున్న మనిషి గీత దాటినప్పుడే ఆ జంట దాటినట్టు.

"ఎంతమ్మా మీ సైకిలు యావరేజి?" అని సాయంత్రం భోజనాల దగ్గర నాన్న వీరాస్వామి అడిగాడు.

"ముప్ఫై పైనే నాన్నా."

"నా బుల్లెట్టు కూడా ఇవ్వట్లేదే అంత," అన్నాడాయన మజ్జిగ కలుపుకుంటూ.

మర్నాడు పొద్దున్నే చేతులు చూసుకుంది. ఎర్రగా, దానిమ్మ గింజల్లా పండాయి. ఆ చేతులతోనే మేడ మీద బట్టలు ఆరేస్తుంటే క్లబ్బు వాళ్ళు రైడు దారి పంపించారు. తెనాలిలో మొదలు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె. అక్కణ్ణుంచి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల. బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా మళ్ళీ తెనాలి. మూడు ఊళ్ళు, ఒక చుట్టు. "మా ఊరు మీదుగానే," అని మురిసిపోయి, తడి చీర ఒకటి దులిపి తీగ మీద వేసింది.

చీర నిలవలేదు. కొసలు రెండూ లేచి, గాలికి బిగిసి, తూర్పు వైపు సాగిపోయాయి. పక్కనున్న నాన్న పంచెలు, నాయనమ్మ జాకెట్లు, దిండు గలీబులు అన్నీ ఒకే వైపు చెయ్యి చాపి చూపిస్తున్నట్టు తూర్పుకే ఎగురుతున్నాయి. అటు రేపల్లె.

తేజస్వి బట్టలబుట్ట కింద పెట్టింది.

ఆషాఢంలో పడమటి గాలి పొద్దెక్కేకొద్దీ ఎలా ఉంటుందో ఈ ఇంట్లో పుట్టిన పిల్లకి ఒకరు చెప్పాలా? ఏటా తలుపులు ధడాలున కొట్టుకునేది ఈ గాలికే. తను ప్రతి ఆదివారం బాపట్ల నుంచి రేపల్లెకి ఆ గాలి భుజాల మీద చేతులేసి తోస్తుంటే వెళ్ళింది. గౌతమ్ కూడా తెనాలి నుంచి రేపల్లెకి గాలివాటునే దిగాడు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని రైల్లో వచ్చారు. రేపల్లె నుంచి బాపట్లకి, ఆ గాలికి ఎదురుగా, తను ఒక్కసారి కూడా తొక్కలేదు. అతనూ అంతే. ముప్ఫై ఒకటి తన కాళ్ళది కాదు.

మధ్యాహ్నం గౌతమ్‌కి చెప్పింది.

"గాలేముంది తేజూ, ఒక గేరు తగ్గిస్తే సరి," అన్నాడు. కొట్లో ఎవరో యూరియా బస్తాలు లెక్కపెడుతున్న గొంతు వినబడుతోంది. "అయినా చూడు. తెనాలి-రేపల్లె ముప్ఫై. ఎదురుగాలిలో బాపట్లకి ఇరవై రెండే అనుకో. మళ్ళీ తెనాలికి ముప్ఫై. కలిపి మూడుతో భాగించు. ఇరవై ఏడు దాటేశాం."

"అలా రాదు."

"ఎందుకు రాదు?"

"నెమ్మదిగా వెళ్ళే ముక్కలోనే కదా మనం ఎక్కువసేపు ఉండేది. ఆ సేపంతా లెక్కలోకి వస్తుంది. ఇరవై ఏడు రాదు గౌతమ్. పైగా అది కూడా ఇరవై రెండు వస్తేనే."

"సరే, ఆదివారం రేపల్లె నుంచి బాపట్లకి తొక్కి చూద్దాం," అన్నాడు చివరికి. "నేను ముందు లాగుతాను, నువ్వు నా వెనకే ఉండు. నీకు గాలే తగలదు."

ఆ మాట ఆమెకి నచ్చింది. నీకు గాలే తగలదు. రెండు రోజులు ఆ మాటని నోట్లో వక్కపలుకులా పెట్టుకుని తిరిగింది.

ఆదివారం రేపల్లెలో పునుగులు తిన్నారు గానీ చివరిది ప్లేటులో అలాగే ఉండిపోయింది. గౌతమ్ టైర్లు నొక్కి చూసుకోవడం, మీటరు సున్నాకి తిప్పడం, మళ్ళీ నొక్కి చూసుకోవడం. అతని స్నేహితుడు అనుదీప్ ఫోను చేశాడు. అనుదీప్‌కి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది, వాళ్ళ పెళ్ళి వీడియో తీసింది కూడా అతనే. మనిషి తలుపు రెక్కంత వెడల్పు, సైకిలు మీద కూడా అంతే.

"కొత్తదంపతులు బయల్దేరారా? చెల్లెమ్మని గాల్లో కొట్టుకుపోనివ్వకు రా, మీ మామగారికి సమాధానం చెప్పాలి," అన్నాడు స్పీకరులో.

"నువ్వు నీ కెమెరా చూసుకోరా," అన్నాడు గౌతమ్. నవ్వుతూనే అన్నాడు, కానీ ఫోను పెట్టేశాక నవ్వు మిగల్లేదు.

ఊరి చివర బియ్యం మిల్లులు దాటేవరకు బాగానే ఉంది. ఇళ్ళు అయిపోయి, రోడ్డుకి రెండు పక్కలా పొలాలు పరుచుకోగానే గాలి మొహం మీద చెయ్యి పెట్టి నెట్టింది. కాలవలకి నీళ్ళొదిలిన కొత్త, నారుమళ్ళు చిలకపచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనమంతా తనకేసి వంగి వణుకుతోంది. ఇంకో రోజైతే తేజస్వి దాన్ని చూసే పది కిలోమీటర్లు తొక్కేసేది. ఇప్పుడు ఆమె కళ్ళు ముందున్న చక్రం మీదే ఉన్నాయి. జానెడు దూరంలో ఉన్నంతసేపు నిజంగానే గాలి తెలియలేదు. జానెడు మూరెడయింది. మూరెడు బారెడయింది. బారెడు దాటాక ఆ వెనక ఉండటానికీ పొలంలో ఒంటరిగా ఉండటానికీ తేడా లేదు.

"గౌతమ్, కాస్త నెమ్మది," అని పిలిచింది. గాలి ఆ మాటని నోట్లోంచి లాక్కుని రేపల్లె వైపు పట్టుకుపోయింది.

అతను మీటరు చూసుకుంటున్నాడు. తల అలా వంగి ఉందంటే మీటరు చూస్తున్నట్టే. అంకె తగ్గినప్పుడల్లా సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు గట్టిగా తొక్కుతున్నాడు. లేచిన ప్రతిసారీ ఇద్దరి మధ్యా రోడ్డు కాస్త సాగుతోంది. చెరుకుపల్లి వచ్చేసరికి అతను అరచేతంత ఉన్నాడు. ఊరు దాటేసరికి నీలిరంగు చుక్క. ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, తిరగలేదు.

ఆమెకి పెళ్ళి గుర్తొచ్చింది. కొంగుముడి వేసి అగ్నిహోత్రం చుట్టూ తిరగమంటే, అతను ఏదో బస్సు వెళ్ళిపోతున్నట్టు నడిచాడు. ముడి లాగి పట్టు చీర భుజం మీంచి జారబోతే పంతులుగారు, "బాబూ, వెనక ఆడపిల్లుంది, మరిచిపోయావు," అన్నారు. పందిరంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ తేజస్వే నవ్వింది. వీడియోలో అక్కడే ఆపి, వెనక్కి తిప్పి, ఎన్నిసార్లు చూసుకుందో. అంత తొందరపడే మనిషి తన మనిషయ్యాడని మురిపెం. ఇవాళ ఈ రోడ్డు మీద అదే తొందర చూస్తుంటే, నోట్లో దుమ్ముతో పాటు వేరే రుచి తగిలింది.

ఒక లయ పట్టుకుంది. ఇక అతన్ని అందుకోవాలని చూడలేదు. ఊపిరి ఎంతుంటే అంతే తొక్కింది. హ్యాండిలు కిందివంపు పట్టుకుని, మోచేతులు దగ్గరికి లాక్కుని, తల దించి, వానలో గొడుగు లేకుండా నడిచే మనిషిలా ఎదురు చెప్పకుండా వెళ్ళింది. మోటారుసైకిలు మీద వెళ్తున్న ఒకాయన పక్కకొచ్చి, "ఏం కష్టమొచ్చిందమ్మా నీకు, బస్సుందిగా," అని వెళ్ళిపోయాడు.

కర్లపాలెం దగ్గరపడుతుండగా నీలిరంగు చుక్క పెద్దదయింది.

మొదట నమ్మలేదు. తర్వాత భుజాలు కనిపించాయి. చొక్కా మీద తెల్ల చార కనిపించింది. ఆగాడు, తన కోసమే వేగం తగ్గించాడు. ఆ ఒక్క ఊహకి ఆమె ఒళ్ళంతా తేలికయింది. అప్పుడు కనిపించాయి అన్నీ: కాలవ గట్టు మీద వరసగా కూర్చున్న కొంగలు, ఎవరి పెరట్లోంచో వస్తున్న సన్నజాజుల వాసన, గాలికి రివ్వున పక్కకి కొట్టుకుపోతున్న ఒక తూనీగ. వెళ్ళి అతని పక్కన చేరి ఏం తిట్టాలో కూడా ముద్దుగా అనుకుంది. ఇంతలో మలుపులో లారీలు అడ్డొచ్చి ఆమెని నిలబెట్టేశాయి. ఆ తర్వాత బాపట్ల పొలిమేరలోనే అతన్ని చూసింది.

అక్కడ కొండమ్మ టీ బడ్డీ ఉంది. గౌతమ్ సైకిలు రేకు గోడకి ఆనించి, బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. ఆమె దిగేవరకు చూసి, "ఇరవై," అన్నాడు.

వచ్చావా అనలేదు. మంచినీళ్ళు అనలేదు. ఇరవై.

"నీ చక్రం లెక్కకి పందొమ్మిది చిల్లరేమో," అన్నాడు మళ్ళీ.

కొండమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఆమెకి ఇచ్చింది. "మీ అన్నయ్యా తల్లీ?"

"మా ఆయనండి."

"మరి ఇంటికి తీసుకెళ్ళకుండా నా బల్ల మీద కూర్చోబెట్టావేంటి? మీది ఈ ఊరేగా, వీరాస్వామిగారి అమ్మాయివి కదూ?"

"ఆషాఢమండి."

"ఓహో. కొత్తల్లుడా. అయితే పంచదార రెండు చెంచాలు ఎక్కువేస్తాలే, అత్తారి మర్యాద నా మీద పడింది," అని స్టవ్వు దగ్గరికి వెళ్ళింది.

టీ వచ్చింది. పాలు చిక్కగా, పంచదార నిజంగానే ఎక్కువగా ఉంది. ఇద్దరూ గాజు గ్లాసుల్లోకి చూస్తూ తాగారు.

"క్లబ్బువాళ్ళని అడిగాను," అన్నాడు గౌతమ్. "రేపు సాయంత్రం వరకు జంటలో ఒకరి పేరు మార్చుకోవచ్చట."

తేజస్వి గ్లాసు దించింది.

"అనుదీప్ ఖాళీగానే ఉన్నాడు. వాడైతే ఈ గాలికి... నువ్వు తప్పుగా అనుకోకు తేజూ. ఇరవైతో వెళ్తే మనల్ని సగం దారిలో వెనకబడినవాళ్ళ వ్యాను ఎక్కించేస్తారు. మీ ఊళ్ళోనే, మీ వాళ్ళ ముందే. నీకే బాగుండదు."

"ఎప్పుడడిగారు క్లబ్బువాళ్ళని?"

"ఇప్పుడే. నువ్వు వచ్చేలోపు."

ఆమెకి కోపమొస్తే 'మీరు' వచ్చేస్తుందని అతనికి ఈ రెండు నెలల్లో అర్థమయింది. గ్లాసు మీద వేలు అరగదీస్తూ కూర్చున్నాడు.

"మీ ఇష్టం," అంది. ఇంకేమైనా అంటే కొండమ్మ ముందు ఏడుస్తానని భయం.

తెనాలి బండి వేళయిందని అతను లేచాడు. స్టేషనుకి వెళ్ళే మలుపు దాకా ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళారు. గాలి ఇద్దరి మధ్యలోంచి ధారాళంగా వెళ్తోంది. మలుపు దగ్గర అతను ఆమె హెల్మెట్టు పట్టీ మెలితిరిగి ఉంటే సరిచేసి, వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చేతి తొడుగులు తీస్తే కుడి అరచేతిలో చందమామ సగం లేదు. హ్యాండిలు పట్టుకున్న చోట ఒరుసుకుపోయి, ఎర్రటి గీత ఒక్కటి మిగిలింది. అమ్మ పప్పుచారు, వేయించిన వడియాలు వడ్డించింది. తేజస్వికి వడియాలంటే ప్రాణం. రెండు తిని కంచం ముందు కూర్చుంది.

"అల్లుడు ఏమన్నాడే?" అంది మాణిక్యాంబ.

"ఏమంటాడు, టీ బాగుందన్నాడు."

"టీ బాగుంటే మనిషి మొహం ఇలా ఉంటుందా?"

ఆమె లేచి చెయ్యి కడుక్కుని మేడెక్కింది. బట్టలు ఆరిపోయి, తీగ మీద ఇంకా తూర్పుకే పోరుతున్నాయి. పొద్దు వాలుతోంది. పిట్టగోడ మీద కూర్చుని పోనీలే అనుకోవడానికి ప్రయత్నించింది. ఒక రైడే కదా. అనుదీప్ వెళ్తాడు, తను కొండమ్మ బడ్డీ దగ్గర నిలబడి చప్పట్లు కొడుతుంది, ఫొటో తీసుకుంటుంది. పోనీలే అన్న మాట సగం దాకా వచ్చి ఆగిపోతోంది. రైడు పోతే పోయింది. మొదటి ఎదురుగాలికే తన పేరు తీసి ఇంకో పేరు రాద్దామని, తను ఇంకా దారిలో ఉండగానే, అతనికి తోచింది. ముందు ముందు రైడు ఒక్కటే ఉండదుగా. గాలి ఒక్కటే ఉండదుగా.

ఒక్కొక్క చీరా తీసి మడతపెడుతూ దారంతా మళ్ళీ తొక్కింది. రేపల్లె మిల్లులు, చెరుకుపల్లి, నీలిరంగు చుక్క. కర్లపాలెం దగ్గర ఆ చుక్క పెద్దదవడం. అక్కడ ఆగింది. తన కోసం వేగం తగ్గించిన మనిషైతే మలుపు దాటాక ఆగి ఉండేవాడుగా. కనీసం ఒకసారి వెనక్కి చూసేవాడుగా. బడ్డీ దగ్గర ఆ బూడిదరంగు మొహం. అప్పుడు తను కోపంలో పట్టించుకోలేదు.

అతను ఆగలేదు. అయిపోయాడు. సగం దారి తర్వాత తనే అతనికన్నా వేగంగా తొక్కింది.

చీర పూర్తిగా మడవకుండానే ఫోను చేసింది.

"చెప్పు," అన్నాడు గౌతమ్. వెనక రైలు చప్పుడు లేదు, ఇంటికి చేరినట్టున్నాడు.

"కర్లపాలెం దగ్గర నా కోసం నెమ్మదించావా?"

"లేదు."

"మరి?"

"కాళ్ళు అయిపోయాయి తేజూ. మీటరు పదిహేను చూపిస్తోంది. ఎంత తొక్కినా పదిహేనే."

"నేను దగ్గరికొచ్చేశానని తెలుసా?"

"తెలుసు. నీ గొలుసు చప్పుడు వినబడుతుందేమోనని చెవులన్నీ వెనకే ఉన్నాయి."

"అంత తెలిసినవాడివి ఒక్కసారి తిరిగి చూడలేదేం?"

"చూస్తే నువ్వు నా మొహం చూస్తావుగా," అన్నాడు. గొంతు బాగా తగ్గింది. "నీకు గాలే తగలదన్నాను. పెద్ద మగాడిలా అన్నాను."

తేజస్వి పిట్టగోడ మీంచి దిగి నేల మీద కూర్చుంది. అక్కడ గాలి లేదు.

"అనుదీప్ ఎందుకు మరి?"

"వాడు వెడల్పుగా ఉంటాడు. వాడి వెనక నక్కితే బాపట్ల దాకా గాలి తెలీదు."

"అంటే వెనక కూర్చోవడానికి నీకేం బాధ లేదన్నమాట."

"వాడి వెనకైతే... అది వేరు. ఎవరూ ఏమీ అనుకోరు."

"నా వెనకైతే ఎవరనుకుంటారు? కొండమ్మా?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "కొండమ్మ కాదులే. నేనే అనుకుంటానేమో," అన్నాడు.

అంత నిజం అతను చెప్తాడని ఆమె అనుకోలేదు. బాగుందో బాధగా ఉందో తెలియలేదు, రెండూ ఉన్నాయి. కోపం పోలేదు. కాస్త తగ్గిందని అతనికి తెలియనివ్వడం కూడా ఇష్టం లేదు. మెట్ల మీద గాజుల చప్పుడయింది. మాణిక్యాంబ సగం మెట్లెక్కి, మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో.

"పెళ్ళిలోనూ అంతేగా," అంది అక్కణ్ణుంచే. "ఏడడుగులు వెయ్యమంటే ఏడు దూకులు దూకాడు. ముడి గట్టిగా వేశారు కాబట్టి సరిపోయింది గానీ."

"వింటోందా అమ్మమ్మగారు?" అన్నాడు గౌతమ్ కంగారుగా.

"వింటోంది. విననీ. గౌతమ్, పేరు మార్చడానికి రేపు సాయంత్రం వరకు టైముందన్నావుగా?"

"ఉంది. కానీ తేజూ, నువ్వు పిట్టలా ఉంటావు. నీ వెనక గాలి ఎంతని ఆగుద్ది?"

"ఆగినంత ఆగుద్ది. మిగతాది నీ మొహానికి తగలనీ."

అరచేయి చూసుకుంది. సగం చందమామ. రేపటికి అదీ అరిగిపోతుంది.

"రేపు కొట్టు మామయ్యగార్ని తెరవమను. మొదటి పాసింజరుకి రేపల్లె వచ్చెయ్, నేను ఇక్కణ్ణుంచి సైకిలు మీద వస్తాను. పునుగులు తిందాం, చివరిది నాది. తర్వాత మీటర్లు రెండూ జేబుల్లో పెట్టేద్దాం. కర్లపాలెం దాకా నేను ముందు, నువ్వు నా చక్రానికి జానెడు వెనక. జానెడు పెరిగితే నువ్వు పిలవాలి, నేను ఆగాలి. కర్లపాలెం దాటాక నువ్వు ముందుకి రా, అప్పటికి నీ కాళ్ళలో సత్తువ మిగిలుంటుంది. అప్పుడు నేను పిలుస్తాను, నువ్వు వెనక్కి చూడాలి. కొండమ్మ బడ్డీ దగ్గర మీటర్లు తీసి చూద్దాం. అప్పటికీ అనుదీప్ పేరే రాయాలనిపిస్తే నేనే రాసి పంపిస్తాను. పొద్దున అయిదింటికి బయల్దేరుతున్నాను."